చేప గుర్తు

ఆ పొద్దున ఆకాశం బట్టీ బూడిదలో నీళ్ళు పోసినట్టుంది. ఆ ముసురులోనే భర్త పాత సామాన్ల సంతకు వెళ్ళి, నిలువునా తడిసి, చొక్కాలో పొదువుకుని ఒక పళ్ళెం తెచ్చాడు.

"మళ్ళీనా?" అంది భార్య గుమ్మంలోనే. "అద్దాల బీరువా నిండిపోయింది. ఇక నా నెత్తిన పెట్టండి."

"మీ నాన్న పింగాణీ కార్ఖానాదే," అన్నాడతను.

"తెలుసు లెండి. ఒక్కసారి ఇటివ్వండి, చూస్తాను."

"వద్దు. నీ చేతులు వణుకుతాయి."

బీరువాలో పెట్టి, తాళం వేసి, స్నానానికి వెళ్ళాడు.

వంటింట్లోంచి చెల్లెలు నవ్వింది. సెలవు రోజు ఆమె భోజనం ఎప్పుడూ ఇక్కడే. "బావకి మనకంటే మన పుట్టింటి పళ్ళేలే ముద్దు."

"పుట్టింటివని కాదే. నా చేతి పనని."

ఆ మాట అంటుంటే అక్క ముఖం కాస్త వెలిగింది. కార్ఖానా మూతపడ్డాక ఆమెకు మిగిలిన గొప్ప అదొక్కటే. కట్టుకున్నవాడు నోరు విప్పి ఒక మంచి మాట అనకపోయినా, ఊళ్ళు తిరిగి తను రంగులు వేసిన పళ్ళేలు ఏరుకొస్తున్నాడు. అది చాలనుకుంటుంది.

"ఇవాళ వాటిలోనే తిందాం," అంది ఉన్నట్టుండి.

"బావ చంపేస్తాడక్కా!"

"చంపితే నీ వంట తినే బాధ తప్పుతుంది."

కొక్కేనికి వేలాడుతున్న తడి చొక్కా జేబులోంచి తాళంచెవి తీసింది. మూడు పళ్ళేలు తెచ్చి, దుమ్ము తుడవడానికి ఒకదాన్ని తిరగేసింది.

పుట్టింట్లో ఆడవాళ్ళందరూ రంగులు వేసినవాళ్ళే. అమ్మ, పిన్ని, వదినలు, అక్కచెల్లెళ్ళు. అందరూ వేసేది ఒకే పూలు, పైనుంచి చూస్తే ఎవరి పనో తెలియదు. కాల్చాక తప్పు కనబడితే ఎవరిని తిట్టాలో తెలియాలని, అడుగున ఎవరి గుర్తు వాళ్ళు వేయాలనేవాడు తండ్రి. ఈమెది చేప.

ఈ పళ్ళెం అడుగున పిట్ట ఉంది.

రెండోదీ పిట్టే. మూడోదీ. బీరువా దగ్గరికి వెళ్ళి ఒక్కొక్కటే వెనక్కి తిప్పి చూసింది. గిన్నెలు, కప్పులు, మూత పోయిన కూజా. అన్నిటికీ పిట్టే. ఇవాళ తెచ్చిన, ఇంకా తడి ఆరని పళ్ళేన్ని ఆఖరున తిప్పింది. ఆమె చేతులు అప్పుడు నిజంగానే వణికాయి.

"ఏం వెతుకుతున్నావక్కా?"

"ఏం లేదు. కూర మాడుతోంది, దించు."

బల్ల మీద మూడు పళ్ళేలూ బోర్లించి పెట్టింది. తల తుడుచుకుంటూ వచ్చిన భర్త వాటిని చూసి, తువ్వాలు తల మీదే ఉండగా నిలబడిపోయాడు.

"కూర్చోండి," అంది. "తిప్పుకుంటే వడ్డిస్తాను."

అతని చెయ్యి లేవలేదు. ఆమే ఒక్కొక్కటీ తిప్పి వడ్డించింది.

ముగ్గురూ తినడానికి కూర్చున్నారు. తను వేసిన పిట్ట మళ్ళీ ఎక్కడ కనబడుతుందోనన్నట్టు, చెల్లెలు పళ్ళేన్ని ఎడమచేత్తో అదిమి పట్టుకునే తింది.