బండలో పగులు

శిల్పి ఒర్నెల్లా తన బొమ్మ చుట్టూ రెండుసార్లు తిరిగి, "పగులేది?" అని అడిగింది.

"పూడ్చేశాను," అన్నాను. ఇటలీలోని మా కర్రారాలో పాలరాతికి మెరుగు పెట్టేవాడెవడైనా చేసే పనే అది. రాతిపొడిలో జిగురు కలిపి, గోటికి కూడా తగలకుండా నింపాను.

"ఎవడు పూడ్చమన్నాడు నిన్ను, ఓరియానో బాబాయ్? బొమ్మ చెక్కింది నువ్వా, నేనా?"

"పగిలిన బొమ్మని రేపు గని గేటు ముందు నిలబెడితే ఊరంతా నవ్విపోతుందమ్మా."

"నవ్వనీ! మా నాన్న మీద పడ్డ బండ ఇది. ఇందులో పగులే లేదనీ, తాగొచ్చి ఆయనే చచ్చాడనీ రాసుకున్నారు గనివాళ్ళు. ఆ కాగితం మాకు చూపించను కూడా లేదు. వాళ్ళ మొహాన పెట్టి చూపిద్దామనే పదకొండేళ్ళు వెతికి ఈ బండ కొన్నాను. నువ్వేమో వాళ్ళ అబద్ధాన్ని నున్నగా నిజం చేసి పెట్టావు!"

ఆమె అరుపులకి పనివాళ్ళు యంత్రాలు ఆపేశారు. ఉలి లాక్కుని పూడిక తవ్వుతూ, "నీకు రాయి మెరిస్తే చాలు, మనుషులేమైపోయినా పట్టదు," అని తిట్టింది.

ఈ బండ మా కార్ఖానాకి వచ్చిన రోజే ఆ పగుల్ని గుర్తుపట్టాను. వాళ్ళ నాన్న పోయినప్పుడు నేనూ ఆ గనిలోనే పనిచేసేవాణ్ణి. ఆమెకి చూపించని కాగితం మీద సాక్షి సంతకం నాది.