ఇరవై నాలుగు పసుపు టోపీలు

“నువ్వూ నీ కంపెనీ కలిసి మా ఉసురు పోసుకుంటున్నారయ్యా! అంత సరస్సుకి ఇరవై నిమిషాలా? మేమేమన్నా ఇంజెక్షన్ చేయించుకుపోదామని వచ్చామా?”

రిటైరైన నర్సమ్మ బస్సు మెట్ల మీద అడ్డంగా నిలబడి గైడ్‌ని కడిగేస్తోంది. వెనకాల ఆమె వదిన, అంటే మొగుడి అక్క, దిగడానికి దారిలేక చేతిసంచీతో ఆమె వీపు పొడుస్తోంది.

గైడ్ మెడలో ఈల, చేతిలో కాగితం. “నేనేం చేసేదమ్మా? సరస్సు ఇరవై, కోట ముప్ఫై, మ్యూజియం పదిహేను. పైవాళ్లు రాసిచ్చారు.”

“రాసిచ్చినవాడి వయసెంత?”

“నాకేం తెలుసమ్మా!”

“వాడికీ అరవై ఐదు రాకపోవు. ఆ రోజు వాణ్ని ఇదే బస్సెక్కించి ఈల నేనూదుతా. ఇదే టూరుకి మూడోసారి వచ్చాను నాయనా. నీ కోట కోసం కాదు. ఆ పడవెక్కి అవతలి ఒడ్డుకి వెళ్దామని. పోవడానికే ముప్పావు గంట. మా ఇద్దర్నీ ఇక్కడ వదిలెయ్. సాయంత్రం ఈ దారినేగా తిరిగొచ్చేది, అప్పుడెక్కుతాం.”

“కుదరదమ్మా. పెద్దవాళ్లని ఎక్కడా విడిగా వదిలిపెట్టబోమని కంపెనీ మీ పిల్లలకి మాటిచ్చి సంతకాలు తీసుకుంది.”

“మా ప్రయాణానికి వాళ్ల సంతకమా? మేం కొరియర్ పార్సిళ్లమా?”

గైడ్ ఈల ఊదాడు. ఇరవై నిమిషాలు మొదలయ్యాయి.

అదీ వీళ్ల వరస. బతుకంతా డ్యూటీ గంటకి పరుగెత్తినవాళ్లని తీరిగ్గా తిరుగుదురు రండని పిలుస్తారు. వచ్చాక ఈలకి పరుగెత్తిస్తారు. ఇలాంటివాళ్లతో వాదించి గొంతు పోగొట్టుకోవడం దండగ. నర్సమ్మకి ఆ సంగతి ఒడ్డు మీద నాలుగడుగులు వేసేసరికి అర్థమైంది.

నీళ్లు ఎండకి తళతళలాడుతున్నాయి. రేవులో కట్టేసిన పడవ గాలికి అటూ ఇటూ ఊగుతోంది.

“వదినా, వీడు మనుషుల్ని లెక్కపెట్టడు, చూశావా?”

“మరేం లెక్కపెడతాడు?”

“టోపీలు.”

నిజమే. ఎవరూ తప్పిపోకుండా కంపెనీ ఇరవై నాలుగు మందికీ పసుపు టోపీలిచ్చింది. మధ్యాహ్నం భోజనాలయ్యాక అందరూ ఏసీ చలికి శాలువా మెడదాకా కప్పుకుని, టోపీ ముఖం మీదకి లాక్కుని కునుకు తీస్తారు. లేపితే తిడతారని గైడ్‌కి భయం. డ్రైవర్ క్యాబిన్ అద్దంలోంచే టోపీలు లెక్కపెట్టి, ఇరవై నాలుగూ తేలగానే పోనిమ్మంటాడు.

వదిన మోకాళ్ల పుణ్యమా అని వాళ్లు బస్సు వెనక తలుపు దగ్గరికి చేరేసరికి పావుగంట దాటింది. ఎక్కి చూస్తే, వాళ్ల రెండు సీట్లు తప్ప అన్నిట్లోనూ శాలువాలే, టోపీలే.

“ఏం చోద్యమే ఇది!” వదిన గుసగుసలాడింది. “ఎదురుగా అంత సరస్సు పెట్టుకుని వచ్చి పడుకున్నారు. ఏం మనుషులో!”

“మెల్లగా. ఒక్కరు లేచినా మన పని గోవిందా.”

నర్సమ్మ రెండు సీట్లలోనూ సంచీలు నిలబెట్టి, శాలువాలు చుట్టి, వార్డులో దుప్పటి దోపినట్టు అంచులు దోపింది. పైన టోపీలు పెట్టింది.

“నా బొమ్మని కాస్త వంచవే. అంత తిన్నగా నేనెప్పుడు కూర్చున్నాను?”

“వంచుతాలే. గురక మాత్రం నావల్ల కాదు.”

ఇద్దరూ మునివేళ్ల మీద వెనక్కి నడిచారు. తలుపు దగ్గర వదిన మోకాలు టక్కుమంది. ఇద్దరూ బిగుసుకుపోయారు. ఒక్క టోపీ కూడా కదల్లేదు. హమ్మయ్య అనుకుని దిగి, పడవలు బాగుచేసే షెడ్డులో దూరారు. మూలన టార్పాలిన్ కప్పిన గుట్ట పక్కన, తారు పూయడానికి ఇటుకల మీద బోర్లించిన పెద్ద పడవకి వీపులానించి కూలబడ్డారు.

ఈల మోగింది. బస్సు గుర్రుమంది. కదిలింది!

వదిన నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వింది. “బడి ఎగ్గొట్టిన రోజు కూడా ఇంత సంబరపడలేదే!”

“ఆగు, మలుపు తిరగనీ. అప్పుడు పడవెక్కుదాం.”

బస్సు మలుపు తిరగలేదు. మలుపు దగ్గర టక్కున ఆగిపోయింది. రెండు నిమిషాల్లో నర్సమ్మ ఫోన్ మోగింది.

“అమ్మా, ఎక్కడున్నారు?” గైడ్‌ది ఏడుపు గొంతు. “నీళ్ల సీసాలిద్దామని లోపలికెళ్లాను...”

దొరికిపోయాక దాపరికం ఎందుకు? నర్సమ్మ గొంతు పెంచింది. “సరస్సు దగ్గరే ఉన్నాం. మేం రాము. ఇప్పుడు నువ్వు చెయ్యాల్సింది చెప్తా, విను. ముందు ఆ కాగితం చింపి పారెయ్. మేమిద్దరమేగా, సాయంత్రం ఎక్కించుకో. మిగతా ఇరవై రెండు మందినీ కోట దగ్గర వాళ్ల ఇష్టం వచ్చినంతసేపు కూర్చోనివ్వు. నిమిషాలు లెక్కపెట్టావంటే ఊరుకోను!”

“ఏ ఇరవై రెండు మందమ్మా?” గైడ్ కేక పెట్టాడు. “ఈ శాలువా తీస్తే సంచీ, ఆ శాలువా తీస్తే సంచీ! బస్సులో నేనూ డ్రైవరూ తప్ప పురుగు లేదు!”

నర్సమ్మ నోరు తెరిచేలోపు, ఆమె వీపు వెనక పడవని లోపల్నించి ఎవరో దబదబా బాదారు.

“ఫోను తర్వాత మాట్లాడుకుందురుగాని తల్లీ, ముందు ఈ పడవ పైకెత్తండి! ఇక్కడ ఎనిమిది మందిమున్నాం, ఆ టార్పాలిన్ కింద పధ్నాలుగు మందికి ఊపిరాడ్డం లేదు!”