సముద్రానికి లాక్కెళ్ళినావిడ

ఆదివారం సాయంత్రం తండ్రి ఇంటి నుంచి తిరిగొచ్చిన కూతుర్ని చూసి హాయెత్‌కి కడుపు మండింది. ఎనిమిదేళ్ళ పిల్ల. ముక్కు ఎండకి పొట్టులేచింది, జుట్టునిండా ఇసుక. అయినా ఒకటే నవ్వు.

"అమ్మా, రాళ్ళ సందున ఆక్టోపస్‌ని పట్టాం, ఒల్ఫా పిన్నీ నేనూ!" అంటూ లోపలికి పరిగెత్తింది.

తన దగ్గరున్న ఐదు రోజులూ సోఫా దిగదు. అక్కడికెళ్తే చేపపిల్లే! పిల్ల మనసు తనవైపే ఉండాలని హాయెత్ పోయిన నెల పెద్ద టాబ్లెట్ కొనిచ్చింది. దాన్ని అక్కడ ముట్టనివ్వరట.

పిల్లని దింపి వెళ్ళిపోతున్న ఒల్ఫాని గుమ్మంలోనే నిలేసింది. "నా మొగుడు చాల్లేదా, నా పిల్ల కూడా కావాలా? నేనిచ్చిన టాబ్లెట్ ఎందుకు దాచేస్తున్నావ్?"

ఒల్ఫా తల దించుకుంది. "కళ్ళు పాడవుతాయని ఆయనతో చెప్పాను. అది అబద్ధం అక్కా."

"మరి?"

"మా ఇంట్లో పిల్ల దాంట్లో ఆటలాడేది కాదు. మీ వీడియోలే చూసేది. మీరు రొట్టె కాలుస్తున్నవి, మీరు పాడుతున్నవి. పొద్దస్తమానం అవే. పక్కనే కూర్చున్నా నావైపు తలెత్తేది కాదు. చూడలేక దాన్ని దాచేసి పిల్లని సముద్రానికి లాక్కెళ్ళాను. అక్కడా అంతే. అల వస్తే చాలు, 'ఇది మా అమ్మ చూడాలి' అంటుంది. వచ్చే ఆదివారం మీరూ రండి."



"నాకు ఈత రాదు," అంది హాయెత్.

"నాకూ రాదక్కా. మీమీద కుళ్ళుతోనే దిగాను, మోకాలి లోతు దాకా."