దగ్గర నిలబడి తీసేది

"కెమెరా కావాలె తమ్మీ. మెడల ఏసుకునేది," అంది గంగామణి.

బాన్సువాడ బస్టాండు ఎదుటి ఫోటో స్టూడియోలో విజయ్‌కుమార్ తలెత్తి చూశాడు. నలభై దాటిన మనిషి. కోటగిరి నుంచి ఆటోలో వచ్చినట్టుంది, చీరంతా దుమ్ము. బీడీలు చుట్టే చేతులని వేళ్లు చూస్తేనే తెలిసిపోతోంది.

"కొడుక్కా అక్కా?"

"నాకే. పెండ్లి ఫోటోలు తీయాలె. ఇంక పదకొండు దినాలే ఉన్నయి."

విజయ్‌కుమార్ నవ్వు ఆపుకోబోయాడు. పూర్తిగా ఆగలేదు.

"ఫోన్ల తియ్యరాదు? ఇప్పుడు ఫోన్ల గూడ మంచిగొస్తున్నయి."

"ఫోన్ పట్టుకున్నోళ్లను జరుగు జరుగంటరు. కెమెరా పట్టుకున్నోళ్లకు అందరు జరుగుతరు. నేను సూడలేదా?"

విజయ్‌కుమార్ కొత్తగా నేర్చుకునేవాళ్ల కోసమని ఉంచిన మూడు డీఎస్‌ఎల్‌ఆర్ కెమెరాలు తెచ్చి బల్ల మీద పెట్టాడు. మొదటిది అన్నిటికంటే తేలిక. ఆమె చేతిలోకి తీసుకుని వెంటనే కింద పెట్టేసింది.

"బొమ్మ లెక్కుంది. దీన్ని సూసి ఎవరు జరుగుతరు?"

రెండోది కాస్త బరువు. నొక్కితే టప్పున గట్టిగా చప్పుడైంది. గంగామణి మరోసారి నొక్కి, ఆ చప్పుడు విని, పట్టీ మెడలో వేసుకుంది. మూడోదాన్ని చూడనే లేదు.

విజయ్‌కుమార్‌కు ఉత్సాహం వచ్చింది. లోపలికి వెళ్లి పొడుగాటి లెన్స్ ఒకటి తెచ్చాడు.

"గీ జూమ్ గూడ తీస్కో అక్కా. పందిరి బయట కుర్చీల కూసొనే పెండ్లిపిల్ల ముక్కుపుడక తీయొచ్చు. ఎవరితోని లొల్లి ఉండది."

"గదే వద్దు. బయట కూసునేటోళ్లకు అమ్ముకో. నాకు దగ్గర నిలబడి తీసేది కావాలె."

"గీ చిన్న లెన్స్‌తోనైతె పుస్తె కట్టేటప్పుడు మూరెడు దూరంల ఉండాలె మల్ల."

"మూరెడు దూరంలనే ఉంట."

"నువ్వు కొత్త గద. పెండ్లోళ్లు ఒప్పుకున్నరా?"

"పెండ్లిపిల్ల ఒప్పుకుంది. మిగిలినోళ్లతోని నాకేం పని?"

మొండిఘటం అనుకున్నాడు విజయ్‌కుమార్. అయినా బటన్ సగం నొక్కితే ఏమవుతుందో, పూర్తిగా నొక్కితే ఏమవుతుందో ఓపికగా చూపించాడు.

మర్నాటి నుంచి పక్కింటి పోసవ్వకు తిప్పలు మొదలయ్యాయి. ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుట్టుకుంటున్న పోసవ్వ ముందు మూరెడు దూరంలో నిలబడి గంగామణి టపటపా నొక్కేది. మొదటి రోజు ఫోటోల్లో పోసవ్వకు తల రాలేదు. రెండో రోజు తల ఒక్కటే వచ్చింది. ఏడో రోజుకు పోసవ్వ నిండుగా వచ్చింది, చాటతో సహా.

పెళ్లి బాన్సువాడలోనే, ఫంక్షన్ హాల్లో. గంగామణి మెడలో కెమెరాతో నేరుగా పెళ్లిపీటల ముందుకు నడిచింది. పెళ్లికూతురు సహజ చిన్నాన్న పండరి అడ్డం వచ్చాడు.

"నువ్వు గీడికి రావద్దని చెప్పినం కద. ఎనకకు పో. గాడ కుర్చీలున్నయి."

"ఫోటోలెవరు తీస్తరు మరి?"

"వీడియో తీసే రంజిత్ ఉన్నడు. ఆయనే తీస్తడు."

"నాకు రెండే చేతులున్నయన్నా," అన్నాడు రంజిత్, వీడియో కెమెరా మీంచి కన్ను తీయకుండానే.

పండరి గొంతు పెంచాడు. వర్ని నుంచి వచ్చిన మగపెళ్లివారు ఇటే చూస్తున్నారు. గంగామణి మాత్రం అంగుళం కదల్లేదు.

అప్పుడు పీటల మీది సహజ తలెత్తింది.

"చిన్నాయ్నా, నా ఫోటోలు సక్కగ రాకుంటె నేను పుస్తె కట్టించుకోను."

పెళ్లికూతురే అలా అంటే ఎవరు మాత్రం ఏం చేయగలరు? పంతులు వాచీ చూసుకుని విసుక్కున్నాడు.

"ఈ కాలం పిల్లలకు ఫోటోల ముందు ఏదీ లెక్కలేదు. ఫోటోగ్రాఫరమ్మను రానివ్వండి బాబూ, ముహూర్తం దాటిపోతోంది."

పండరి పళ్లు కొరుక్కుంటూ పక్కకు జరిగాడు.

పెళ్లికొడుకు పుస్తెలతాడు సహజ మెడ దాకా తెచ్చాడు.

"ఆగుండ్రి," అంది గంగామణి.

పంతులు ఆగాడు. పెళ్లికొడుకు చేతులు ఉన్నచోటే ఆగిపోయాయి. హాల్లో ఉన్న మూడు వందల మందీ అక్షింతలు పట్టుకుని ఆమె మాట కోసం చూస్తూ నిలబడ్డారు. ఆమె ఏమాత్రం తొందరపడలేదు. కొంగుతో కళ్లు తుడుచుకుని, కెమెరా కంటికి ఆనించుకుంది.

"ఇగ కట్టుండ్రి."

వారం తర్వాత ఆల్బం చేయించడానికి స్టూడియోకు వచ్చింది. విజయ్‌కుమార్ ఫోటోలన్నీ కంప్యూటర్లో వేసి చూశాడు. కొన్ని మసకగా ఉన్నాయి, కొన్ని వంకరగా ఉన్నాయి. పుస్తె కట్టే ఫోటో దగ్గర అతని చెయ్యి ఆగింది. సహజ నేరుగా కెమెరాలోకే చూస్తోంది. కళ్లనిండా నీళ్లు, పెదాల మీద నవ్వు.

"పదిహేనేండ్ల సంది తీస్తున్న అక్కా. ఒక్క పెండ్లిపిల్ల గూడ నా దిక్కు గిట్ల సూడలె."

అతను మళ్లీ మొదటి నుంచి చివరిదాకా తిప్పి చూసి, తల గోక్కున్నాడు.

"కన్యాదానం చేసింది చిన్నాయ్న అంటివి గద. తండ్రి లేడా?"

"లేడు. పోయి ఆరేండ్లాయె."

"మరి తల్లి? నాలుగు వందల ఫోటోలల్ల ఒక్కదాంట్ల గూడ లేదు. ఆల్బంల మొదటి పేజీ మీద ఎవరిని పెట్టాలె నేను? మొగడు పోయినామె అని పెండ్లికాడికి రావద్దన్నరా ఏంది?"

"నన్ను రావద్దనే అన్నరు తమ్మీ, అందుకే కెమెరా కొన్న," అంది గంగామణి.