ఫీలింగ్ టైపు

కిరణ్‌కుమార్‌కి ఏడ్చేవాళ్ళంటే అసహ్యం. చెప్పుకంటిన పేడని చూసినట్టు చూస్తాడు.

జగదల్‌పూర్‌లో కంకర క్రషర్ కంపెనీ ట్రైనింగ్ ఇప్పించాక ఆ అసహ్యానికో పేరు కూడా దొరికింది. మనుషులు రెండు రకాలట. థింకింగ్ టైపు, ఫీలింగ్ టైపు. ఫీలింగ్ అంటే ఏడుపు కాదయ్యా, ఏది మనది, ఏది కాదు అని మనిషి తీర్పు చెప్పుకునే పద్ధతి అని ట్రైనింగ్ మేడం మొత్తుకుంది. ఆ టైముకి ఈయనగారు బయట సమోసాల దగ్గరున్నాడు.

"మీ ఊరంతా ఫీలింగ్ టైపే లచ్చూ," అన్నాడు మోటారుసైకిల్ వెనక కూచొని. "రెండు తీపిమాటలకి కరిగిపోతరు. బుర్ర వాడేదే లేదు."

కంపెనీ బండి నడిపే లచ్చు ఆ ఊరివాడే. గేరు మార్చాడు.

ఊరి వెనక గుట్టని క్రషర్‌కి ఇస్తామని ఇవాళ గ్రామసభ ఒప్పుకోవాలి. ఒప్పుకుంటే కిరణ్ మేనేజరు. కోంటా షావుకారి కొడుకైన అతన్ని కంపెనీ ఊరికే ఏరుకోలేదు. ఆ ఊళ్ళో పెద్దామె హుంగే మాటే మాట. సంతరోజుల్లో వాళ్ళ కొట్టుకి చింతపండు తెచ్చినప్పుడల్లా చిన్నప్పటి కిరణ్‌ని చంకనేసుకుని తిప్పింది ఆమే.

"పెద్దమ్మా, నేను నీ కొడుకునే గదా! ఆ గుట్ట నాకియ్యి," అన్నాడు సభలో, గొంతు కావాలని వణికించి.

హుంగే అతని మొహంలోకి చూసింది. "మా పోయిన పెద్దలున్నరు బిడ్డా ఆడ. నీకు ఎరికే గదా?"

"ఏంది పెద్దమ్మా, వట్టి రాళ్ళే గదా!"

అంతే. హుంగే అతన్ని కావలించుకుని గొల్లుమంది. వాళ్ళ దోర్లీ భాషలో రాగం తీసింది. కిరణ్‌కి అందులో తన పేరొక్కటే తెలిసింది. ఆడవాళ్ళంతా గొంతు కలిపారు. ఒకామె తలకి నూనె, పసుపు పట్టించింది. ఇంటికొకరు కొత్తగుడ్డ తెచ్చి అతని మీద కప్పారు.

గుడ్డల కింద ఉక్కకి చస్తూ కిరణ్ నవ్వాపుకున్నాడు. "శాలువాలు లచ్చూ, సన్మానం! నేను చెప్పలే? ఏడుపుగొట్టు సంత." ఫోన్ తీసి, పనైపోయింది, అందరూ కరిగిపోయారని కంపెనీవాళ్ళకి హిందీలో చెప్పాడు. "హో గయా సార్. పిఘల్ గయే సబ్."

ఫోన్ పెట్టేసి చూస్తే సభ లేచిపోతోంది. అందరూ వాగువైపు నడుస్తున్నారు.

"ఓ పెద్దమ్మా! చేతులెత్తకుండ ఎటు పోతున్నరు?"

హుంగే తిరిగి చూడలేదు. ఎవరూ చూడలేదు. పొద్దున అతని చేతి బిస్కెట్లు తిన్న పిల్లలూ చూడలేదు. లచ్చు బండి తాళం అతని కాళ్ళ దగ్గర పెట్టి, చెప్పులు విడిచాడు.

"నువ్వు గూడానా? ఏందిరా ఈ టైములో వాగేంది?"

లచ్చు మొహం పక్కకి తిప్పుకునే చెప్పాడు.

"శవాన్ని సాగనంపినంక తానం చెయ్యకుండ మా ఊళ్ళె ఎవరూ ఇంట్ల అడుగుపెట్టరు."