లోపలి కావలి

"మళ్లీ వచ్చిండా?" మంచంలోంచే అడిగాడు మదన్‌మోహన్.

"వచ్చిండు. గేటు బయట కూసున్నడు. జామపండ్లు తెచ్చిండు," అంది భార్య సావిత్రమ్మ, కాచి చల్లార్చిన నీళ్లు అందిస్తూ.

"వాపస్ పంపు."

తమ్ముడు మాణిక్ ప్రతి ఆదివారం కోహీర్ నుంచి బస్సులో వస్తాడు. కాసేపు ఒక పక్కకు ఒరిగి కూర్చుని, నడుం పట్టుకుని లేచి వెళ్తాడు. అంతా నాటకమని మదన్‌మోహన్ నమ్మకం. జామతోట పంచుకున్ననాడే వాడి చేతి నీళ్లు కూడా ముట్టనని ఒట్టు పెట్టుకున్నాడు. మొండివాడు రాజుకన్నా బలవంతుడని ఊరికే అన్నారా!

నీళ్లు తాగి కళ్లు మూశాడు. పట్నం దవాఖానలో కిడ్నీ మార్చి ఇది మూడో నెల. "నేనిస్త, నువ్వు ఫికర్ చెయ్యకు," అని తల్లి దేవమ్మ ముందే ధైర్యం చెప్పింది. భయపెట్టింది డాక్టరే.

"మీ రక్తంలో తెల్లకణాలని కావలివాళ్లుంటారు. కొత్త కిడ్నీని దొంగ అనుకుంటే పొడిచి చంపేస్తారు. అందుకే మందులతో వాళ్లను జోకొట్టాలి. ఆ మగతలో వాళ్లు బయటి జబ్బులనూ ఆపలేరు. చుట్టాలను లోపలికి రానివ్వకండి."

కావలివాళ్లు మేలుకుంటే తన పని అయిపోయినట్టే. ఆ కునుకులో వాళ్లు కలలోకే వచ్చారు. మంచు పట్టిన చెరకు తోటలో, తెల్ల తలపాగాలతో, కందిళ్లు పట్టుకుని మెల్లగా తిరుగుతున్నారు. గట్టు మీద ముసుగు కప్పుకుని ఎవరో నిలబడ్డారు.

"ఎవరు?" అన్నారు. ఒక ముసలి కావలివాడు దగ్గరికెళ్లి వాసన చూశాడు.

"మనోళ్లే," అని కర్ర కింద పెట్టాడు.

అందరూ ఆ మనిషి చుట్టూ చేరి తాపీగా చుట్టలు ముట్టించారు. మదన్‌మోహన్‌కు నిద్రలోనే ఏడుపొచ్చింది. అమ్మ కాక ఇంకెవరు!

కళ్లు తెరిచేసరికి దేవమ్మ నీళ్ల బిందె చంకనెత్తుకుని వస్తోంది. కిడ్నీ ఇచ్చిన నెలకే మళ్లీ బిందెలు మోసిన మనిషి. అమ్మది ఇనుప ఒళ్లని రోజూ మురిసిపోతాడు.

"బిందె దించమ్మా. నీ కిడ్నీని లోపలోళ్లు మనదే అన్నరు. కలల చూసిన."

"మంచిదే గద బిడ్డా."

"ఆ కోత ఒక్కసారి చూపియ్యి. కండ్లకు అద్దుకుంట."

దేవమ్మ కొడుకు మంచం దగ్గరికి వచ్చింది.

"నిజంగ అద్దుకుంటవా?"

"నీ మీద ఒట్టు."

"ఒట్టు పెడితే తప్పవు గద నువ్వు."

బిందె దించి, కొంగుతో కళ్లు తుడుచుకుని, గేటు వైపు కిటికీ తెరిచింది.

"మాణిక్! జర అంగి పైకెత్తు బిడ్డా."