ఊట దగ్గర వంతు

వేసవి ముదిరి అడవిలో ఒక్క ఊటే మిగిలింది. అది ఊరే బండసందులో ఒక్క మూతికే చోటు. పక్క పొదలో కాపురమున్న నక్క ఊటలోంచి ఇలా మూతి తీసి అలా మళ్లీ పెట్టేది. దూరం నుంచి వచ్చి కాచుకున్న తాబేలుకు నాలుక పిడచకట్టుకుపోయింది.

తగువు తీర్చడానికి వచ్చిన ఏనుగు పొద్దంతా ఊటనే చూసింది. "ఊట క్షణం కూడా ఖాళీగా లేదు. అంతా సక్రమంగానే నడుస్తోంది," అంది.

తాబేలుకు ఒళ్లు మండింది. "ఊటనేం చూస్తావు మామా? మా నోళ్లు చూడు!"

ఏనుగు చూసింది. నక్క నోరు తడిగా ఉంది, తాబేలు నోరు ఎండి పగిలింది. ఏనుగు సిగ్గుపడింది. "ఇకమీదట వచ్చిన వరసలోనే తాగాలి. ముందు తాబేలు."

"ఈ నత్తనడకది వచ్చి మూతి పెట్టేదాకా ఊట ఊరికే ఉండాలా?" అని నక్క ఎగతాళి చేసింది.

"ఉండనీ," అంది ఏనుగు. "ఇన్నాళ్లూ తాబేలు ఆగింది. ఇప్పుడు ఊట ఆగుతుంది."